జబహా అక్కర్లేని వేట

చేపకి జబహా అక్కర్లేదు. కోడి దగ్గర, పొట్టేలు దగ్గర వచ్చే 'ఎవరు కోశారు' అన్న పేచీ చేప దగ్గర రాదు. అందుకేనేమో సెలవు దొరికితే దోస్తులతో సముద్రమ్మీదికే పోతాం.

మొన్న శనివారం భీమిలిలో ఆరుగురం పడవెక్కబోతే మా ఇద్దరి కార్డులే రెండుసార్లు తిప్పి చూశారు. 2008లో ముంబై మీద దాడికొచ్చినవాళ్లు సముద్రంలోంచే వచ్చారు కదా, ఆ లెక్క మా పేర్లలో ఇంకా తేలలేదు.

జాలరి దోస్తు గంగమ్మకి దణ్ణం పెట్టాడు. మేం బిస్మిల్లా అనుకున్నాం. రాళ్ల దగ్గర రాత్రి వేసిన వల లాగితే మూడు రాళ్లరొయ్యలు. ఒకదాని పొట్టకింద నారింజరంగు గుడ్లు; దాన్ని నీళ్లలోకి వదిలేశాడు.

"మీకేటి సాయిబూ, అన్నీ తినేస్తారు గదా!"

అన్నీ తినడమా! మా హనఫీలకి సముద్రంలో చేపే హలాల్. షాఫియీలకి ఈ పట్టింపు లేదు. రొయ్య చేపా కాదా అని మా ఉలేమాలే ఇంకా తగువాడుకుంటున్నారు. మా నానీలు రొయ్యల కూర కమ్మగా వండారు గానీ రాళ్లరొయ్యని గడప తొక్కనివ్వలేదు. ఇవేవీ తెలియకుండానే అందరూ మా పళ్లెంలోకి తొంగిచూస్తారు.

చెప్పాం. జాలరి విన్నాడు. వంజరం ముక్కలు మావైపు తోసి, రాళ్లరొయ్యలు తనవైపు లాక్కున్నాడు.

"మీ ముల్లాలు మంచోళ్లే" అన్నాడు.