దండుగ అంటే అసలు అర్థం

వదినా, ఇదిగో కరివేపాకు కోశాను, గోడ మీద పెడుతున్నా, అందుకోండి. పొద్దున మీ వాడి గొంతు ఇక్కడిదాకా వినపడింది. మియాపూర్ రోడ్డులో హెల్మెట్ లేదని చలానా పడిందటగా? "డబ్బంతా దండుగ" అంటున్నాడు. ఆ మాట వినగానే మీతో చెప్పాలనిపించింది.

దండుగ అంటే అసలు అర్థమే జరిమానా వదినా! దండం నుంచి పుట్టిన మాట. కట్టినవాడికి ఊరికే పోయినట్టు అనిపిస్తుంది కాబోలు, రానురాను వృథా అనే అర్థమే మిగిలింది. ఇక్కడ జుర్మానా అంటారు. జుర్మ్ అంటే నేరం. పల్లెల్లోనైతే "తప్పు కట్టాడు" అంటారు. చేసిందీ తప్పే, కట్టిందీ తప్పే. ఎంత చక్కటి మాటో చూడండి!

సాహసం కూడా అలాంటిదే. యాజ్ఞవల్క్య స్మృతిలో అది జరిమానా లెక్క. ఉత్తమ సాహసం 1080 పణాలు, మధ్యమం 540, అన్నిటికన్నా చిన్నది 270. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాస్తే, 13వ శతాబ్దంలో మన కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. ఎంత తప్పుకి అంత దండుగ అని మెట్లు కట్టడం అప్పటికే ఉంది.

ఇంగ్లండులో 1215 నాటి మాగ్నాకార్టా కూడా ఆ మాటే చెప్పింది. జరిమానా తప్పుకి తగ్గట్టుండాలి, దానికోసం వర్తకుడి సరుకూ రైతు సేద్యపు సామానూ లాక్కోకూడదు అని. బతుకుతెరువు తీసేస్తే ఇక దిద్దుకునేదెవరు?

మా నాయనమ్మ బందెలదొడ్డి సంగతి చెప్పేది. గేదె పలుపు తెంచుకుని పక్కవాళ్ల చేలో పడితే దొడ్డికి తోలేశారట. 1871 పశువుల చట్టంలో జరిమానా వేరు, మేతా నీళ్ల ఖర్చు వేరు. తాతయ్య రెండూ కట్టి విడిపించుకొచ్చాడు. ఆ రాత్రి అన్నానికి కూర్చోకముందే లాంతరు దగ్గర కొత్త పలుపు పేనాడట. మళ్లీ ఆ గేదె ఎవరి చేలోనూ పడలేదు. కట్టిన బందె వృథా పోలేదుగా!

సాయంత్రం మీ వాడు బండి తీసేటప్పుడు హెల్మెట్ మీరే చేతికివ్వండి వదినా.