చుక్కలూ, రొదా

చెవికి వలెనే కెమెరా కంటికీ ఒక రొద ఉంటుంది. తెనాలి దీపకాంతిలో కనబడని నక్షత్రాల కోసం అమావాస్య దాపున బాపట్ల దాటి సూర్యలంక తీరానికి వెళుతుంటాను. నాది సామాన్యమైన కెమెరా. చీకటిలో తీసిన చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే, నక్షత్రాల నడుమ ఎర్రని, నీలపు రవ్వలు లెక్కకు మిక్కిలిగా కానవస్తాయి. దానినే నాయిస్ అంటారు.

రేపల్లె మిత్రుడొకడు కంప్యూటరులో ఒక్క మీట నొక్కి ఆ రవ్వలన్నింటినీ తుడిచివేశాడు. చిత్రం పట్టువలె నునుపైనది. కాని మసక నక్షత్రాలు కూడా మాయమైనాయి! అందానికై సత్యాన్ని బలియిచ్చుట న్యాయమా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1901లో హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్రపట ప్రణాళికలో పాలుపంచుకొన్నది. ఆ ప్రణాళికలో పటాల కోసం గాజుపలకపై ప్రతి నక్షత్రమూ చిన్న త్రికోణంగా పడేటట్లు మూడు మార్లు చిత్రించేవారు. త్రికోణమైతే నక్షత్రం, ఒంటి చుక్కయితే ధూళియో, పలక లోపమో.

నేటి పద్ధతికీ మూలం అదే. ఒకే దృశ్యాన్ని 16 మార్లు తీయాలి. కటకానికి మూతపెట్టి, అంతే వ్యవధిలో, అదే ఉష్ణోగ్రతలో తీసిన చీకటి చిత్రాల సగటును వాటినుండి తీసివేస్తే స్థిరమైన దోషబిందువులు పోతాయి. పిదప నక్షత్రంపై నక్షత్రాన్ని కూర్చి సగటు కడితే, చిత్రచిత్రానికీ మారే రొద నాలుగోవంతుకు తగ్గుతుంది, నక్షత్రం నిలుస్తుంది.

ఆ చిత్రాన్ని చూచి మా మిత్రుడు మసక చుక్కలను వేలితో లెక్కించనారంభించాడు.

సోదర విద్యార్థులారా! ఒక్కసారి కనబడిన దానిని నమ్మివేయక, మసకగా ఉన్నదానిని కొట్టివేయక, మరల మరల చూచుటే విజ్ఞానము. మసకగా ఉన్నంత మాత్రాన నక్షత్రం రొద కాజాలదు.