కల్పవల్లి గుట్టల్లో కాలిబాట

శెనక్కాయ పీకడం అయిపోయింది. కట్టె వాముల్లోకి చేరింది. అనంతపురం పల్లెల్లో కాస్త తీరిక దొరికేది ఈ కార్తీకం చివర్లోనే. కల్పవల్లి చూడటానికీ ఇదే అదను.

బెంగళూరు-హైదరాబాద్ రహదారి మీద చెన్నేకొత్తపల్లి దగ్గర దిగి ముష్టికోవెల వైపు వెళ్తే గుట్టలు కనిపిస్తాయి. 2022 నుంచీ ఇది శ్రీసత్యసాయి జిల్లా. ఇక్కడ గొర్రెలు తొక్కి తొక్కి వేసిన బాటే బాట. తోడేళ్లు, ఎలుగులు తిరిగే చోటు కాబట్టి ఊరివాళ్లెవరినైనా వెంట తీసుకెళ్లడం మంచిది.

బాటకి రెండు పక్కలా బోదగడ్డి. వానాకాలపు పచ్చదనం పోయి ఎండుటాకు రంగుకి తిరిగింది. గాలి వీచినప్పుడల్లా గుట్ట మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. తంగేడు ఇంకా అక్కడక్కడా పూస్తోంది. రేగుకాయలు పచ్చిగానే ఉన్నాయి, పిల్లలుంటే ఆగరనుకోండి! అడుగు చప్పుడికి గడ్డిలోంచి కౌజుపిట్టలు బుర్రుమని లేస్తాయి. వంకలోకి దిగితే ఈతచెట్ల నీడ. ఆ ఈతాకుతోనే ఊళ్లలో చాపలు, బుట్టలు, చీపుర్లు తయారవుతాయి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో ఇంత గడ్డి ఎక్కడిది?

1990ల మొదట్లో ఇవి బోడిగుట్టలు. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి వీటికి కాపలా కాశారు. విత్తనాలు చల్లారు. అంతకన్నా ముఖ్యంగా, ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి చెక్కి హద్దులు తీశారు, చెట్టు కొట్టనివ్వలేదు. నాటినవాటికన్నా నేలలో మిగిలిన వేళ్ల నుంచి చిగిర్చినవే ఎక్కువ. అలా దాదాపు 9 వేల ఎకరాలు తేరుకుంది. గొర్రెల్ని మాత్రం వెళ్లగొట్టలేదు. మేత కోసమే కదా జనం కాపాడింది!

అయితే రెవెన్యూ రికార్డుల్లో ఇది బంజరు. ఆ ఒక్క మాట వల్లే గాలిమరలు గుట్టలెక్కాయి. వాటిని మోసుకెళ్లే లారీల కోసం గుట్టల్ని తొలిచి రోడ్లేశారు. తవ్విన మట్టి వానకి వంకల్లోకి దిగింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గాలి కరెంటు మంచిదే, కానీ ఇరవై ఏళ్లు కాచిన గుట్టని ఖాళీ జాగా అనుకోవడమే తప్పు. కాలిబాట ఒకచోట ఆ మట్టిరోడ్డుని దాటుతుంది. తేడా కాళ్లకే తెలుస్తుంది... ఇటు మెత్తటి గడ్డి, అటు కంకర.

పొద్దు వాలేలోపు వెనుదిరగాలి. గొర్రెల మందలూ అప్పుడే కిందికి దిగుతాయి. బాట సన్నం. అవి దాటిపోయేదాకా పక్కన గడ్డిలో నిలబడాల్సిందే.