సంజాయిషీ రాసే ముందు

ఛార్జ్ మెమో చేతికందగానే చాలామంది ఉద్యోగులు చేసే మొదటి పని, క్షమాపణ రాసివ్వడం. "రాసిచ్చెయ్, ఇక్కడితో పోతుంది" అని పక్క సీటువాళ్లూ సలహా ఇస్తారు. సాటి ఉద్యోగుల శాఖాపరమైన విచారణల్లో డిఫెన్స్ అసిస్టెంటుగా కూర్చునే నేను మాత్రం ఆ కాగితం రాయొద్దంటాను. 1991 నాటి సీసీఏ (క్లాసిఫికేషన్, కంట్రోల్, అప్పీల్) రూల్స్ ప్రకారం అభియోగాలన్నీ ఒప్పేసుకుంటే ఇక విచారణే అక్కర్లేదు, ఆ ఒప్పుకోలు మీదే శిక్ష వేయొచ్చు. చేయని తప్పుకు క్షమాపణ అడిగినవాళ్లు తమ చేతులతోనే తలుపు మూసేసుకుంటున్నారు.

మా దగ్గరికి ఒక జూనియర్ అసిస్టెంట్ ఏడుస్తూ వచ్చింది. స్టాకు రిజిస్టరులో దొంగ ఎంట్రీలు వేసిందని అభియోగం. "మెమో వెనకున్న అనుబంధాలు చదివావామ్మా?" అంటే లేదంది. అనుబంధాలు నాలుగు: అభియోగాలు, వాటి వివరాలు, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. కేసు బలమెంతో చివరి రెండూ చూస్తే తెలిసిపోతుంది. ఆమె మెమోలోని పత్రాల జాబితాలో రిజిస్టరుకు బదులు జిరాక్సు పేజీలున్నాయి. అసలు రిజిస్టరూ, హాజరు పట్టీ చూపించమని రాతపూర్వకంగా అడిగాం, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నాం.

విచారణ రోజు రెండూ బల్లమీదికి వచ్చాయి. ఎంట్రీ వేసిన తేదీన ఆమె మెడికల్ లీవులో ఉంది. స్టోర్‌కీపర్‌ను క్రాస్ చేస్తూ, "ఈ తేదీన ఈవిడ ఆఫీసుకు వచ్చారా?" అని అడిగాను. ఆయన హాజరు పట్టీ మీద వేలు పెట్టి వరస చూసుకుని, "రాలేదండీ" అన్నాడు. ఆ మాట వాంగ్మూలంలోకి ఎక్కేదాకా నేను రెండో ప్రశ్న అడగలేదు. అభియోగం రుజువు కాలేదు.

శిక్ష ఉత్తర్వులోనూ ఒక్కో పదం చూసుకోవాలి. ఇంక్రిమెంట్ ఆపడం చిన్న శిక్షేనని సరిపెట్టుకుంటారు. దానికి 'క్యుములేటివ్ ఎఫెక్ట్' అని తగిలిస్తే ఆ నష్టం ఏటా జీతంలో కొనసాగి పెన్షన్‌లోకీ వస్తుంది. అది పెద్ద శిక్ష కిందకే వస్తుందనీ, పూర్తి విచారణ లేకుండా వేయకూడదనీ 1990లో కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సస్పెన్షన్ శిక్ష కాదు. ఆ కాలానికి ఫండమెంటల్ రూల్ 53 కింద జీవన భృతి ఇచ్చి తీరాలి. వేరే ఉద్యోగం చేయడం లేదని ఉద్యోగి ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి, అది మరిచిపోతే బిల్లు ఆగిపోతుంది. భరత్ గోల్డ్ మైన్స్‌లో సెక్యూరిటీ ఆఫీసరుగా పనిచేసిన పాల్ ఆంథోనీకి భృతి ఇవ్వలేదు. డబ్బుల్లేక ఆయన విచారణకు రాలేకపోతే ఎక్స్‌పార్టీగా ముగించి ఉద్యోగం తీసేశారు. ఆ విచారణ చెల్లదని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

విచారణాధికారి నివేదిక కాపీ అడిగి తీసుకోవడం మరో హక్కు. 1993లో ఈ మాట గట్టిగా చెప్పిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పు మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనిదే, కరుణాకర్ కేసు అంటాం. శిక్ష నిర్ణయించక ముందే ఆ నివేదిక ఉద్యోగి చేతికి రావాలి, దానిమీద తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలి.

ఈ రక్షణలన్నీ దొంగల్ని కాపాడటానికేనని కొందరంటారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. అభియోగాలు తెలపకుండా, మాట వినకుండా ఉద్యోగంలోంచి తీసేయకూడదని రాజ్యాంగం 311వ అధికరణం చెబుతోంది. దానికి మినహాయింపులు బహు తక్కువ. ఆ భరోసా ఉంటేనే ఒక గుమాస్తా తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టనని పై అధికారికి చెప్పగలుగుతాడు. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు ఫైలు పెట్టడం నేర్పేటప్పుడే సీసీఏ రూల్స్ కూడా నేర్పాలని సీనియర్లను అడుగుతున్నాను. మెమో వచ్చాక నేర్చుకునేంత వ్యవధి ఎవరికీ ఉండదు.