కన్ను చూసి తుపాకీ

తుపాకీ అనగానే మన తెలుగువాళ్ళకి మొదట గుర్తొచ్చేది పిట్టలదొర. ఖాకీ లాగు, చిరుగుల కోటు, నెత్తిన టోపీ, భుజాన కొయ్య తుపాకీ. ఆ తుపాకీ ఎన్నడూ పేలదు; పేలేవన్నీ ఆయన నోట్లోంచే. తరవాత గుర్తొచ్చేది సినిమా. అక్కడ తుపాకీ పేలుతుంది గాని, గుళ్ళు మాత్రం ఎన్నటికీ అయిపోవు. ఈ రెండు బళ్ళల్లోనూ చదువుకున్న మనం, నిజం రైఫిలు కొనాల్సివచ్చేసరికి ఎంత చప్పుడు చేస్తే అంత గొప్పదనుకోవటంలో ఆశ్చర్యం లేదు.

నిజం వేరుగా ఉంది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది 10 మీటర్ల గాలి రైఫిలుతో. 2012లో లండన్‌లో, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ దానితోనే. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది 50 మీటర్ల పోటీలో, పాయింట్ టూ టూ రైఫిలుతో. మన దేశానికి రైఫిలు తెచ్చిపెట్టిన ఒలింపిక్ పతకాలు మూడూ సన్న గొట్టాల పుణ్యమే.

ఈ సంగతులన్నీ నేను తిరగెయ్యాల్సి వచ్చింది మా అక్క కూతురి మూలాన. అమ్మాయి మన కాలేజీలోనే బి.ఎస్సీ.లో చేరి ఎన్.సి.సి.లో పేరిచ్చింది. ఒకనాడు ఫైరింగుకి తీసుకెళ్ళి, 25 గజాల దూరాన అట్ట పెట్టి, బోర్లా పడుకోబెట్టి ఐదు గుళ్ళు కాల్పించారట. రెండే అట్టకి తగిలాయి. "చెయ్యి వణుకుతోంది, నీ వల్ల కాదులే" అన్నారట ఎవరో. ఇంకెవరైనా అయితే అక్కడితో మానేసేవాళ్ళు. ఇది ఇంటికొచ్చి, "మావయ్యా, నాకో రైఫిలు కావాలి" అంది.

మా బావకి కూతురంటే ప్రాణం. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. "ఏరా, నువ్వూ ఎన్.సి.సి.లో తిరిగినవాడివేగా. మంచిదేదో చెప్పు. కొంటే గట్టిదే కొందాం, మళ్ళీ మళ్ళీ కొంటామా" అన్నాడు. అక్కయ్య మాత్రం, "ఇంట్లో తుపాకీ ఉంటే నాకు నిద్ర పట్టదురా" అంది. ముగ్గురికీ కలిపి ఒకటే జవాబు చెప్పాలి. అదేమంత తేలికైన పని కాదు.

మొదట చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం పాయింట్ టూ టూ రైఫిలుకి లైసెన్సు తప్పనిసరి. 21 ఏళ్ళు నిండనివాళ్ళు దాన్ని సొంతానికి ఉంచుకోకూడదు. శిక్షణలో, నియమాల ప్రకారం, పెద్దల కనుసన్నల్లో కాల్చుకోవచ్చు. అంటే మన డిగ్రీ విద్యార్థుల్లో చాలామందికి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదన్నమాట. గాలి రైఫిలు సంగతి వేరు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే గాలి రైఫిలు శక్తి ఏడెనిమిది జౌళ్ళకి మించదు. అలాగని అది బొమ్మ కాదు. కన్నుకి తగిలితే కన్ను పోతుంది. దాంతో పిట్టల్ని కొడతానంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు.

"గట్టిది" అన్నాడు కదా మా బావ. కొత్తగా నేర్చుకునేవాడికి గట్టి తుపాకీ చేసే అపకారం ఒకటుంది. భుజాన్ని తన్నటం, చెవుల్లో మోగటం రెండు మూడుసార్లు జరిగిందంటే ఒంటికి భయం పట్టుకుంటుంది. ఆ తరవాత ట్రిగ్గరు నొక్కకముందే కళ్ళు మూసుకుపోతాయి, భుజం బిగుసుకుంటుంది. ఆ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే వదిలించుకోవటానికి నెలలు పడుతుంది. చిన్న కాలిబరు ఆ భయాన్ని దగ్గరికి రానివ్వదు. పైగా గాలి రైఫిలు గుండు చవక. రోజుకి యాభై కాల్చినా ఇల్లు గుల్లకాదు. రైఫిలు కొనటం ఒక్కసారే. గుళ్ళు కొనటం రోజూ ఉంటుంది. ఈ లెక్క వెయ్యకుండా కొన్నవాళ్ళ రైఫిళ్ళు బీరువా వెనక నిలబడి ఉంటాయి.

ఇక కొలతలు. చెప్పుల దుకాణంలో పాదం పెట్టి చూడకుండా చెప్పులు కొనం. రైఫిలు మాత్రం కాగితంలో బొమ్మ చూసి కొంటాం. మోచెయ్యి మడిచి, మడతలో రైఫిలు మడమ ఆనించి చూడండి. చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గరు మీదికి హాయిగా రావాలి. రాకపోతే కర్ర పొడుగన్నమాట. మెడ చాచి, భుజం సాగదీసి కాల్చాల్సి వస్తుంది. ఇది మోటు కొలతే గాని, మొదటి వడపోతకి చాలు. తరవాత బరువు. పోటీ గాలి రైఫిలు ఐదున్నర కిలోల దాకా ఉండొచ్చని నియమం. అంతవరకు ఉండాలని కాదు. నలభై అయిదు కిలోల అమ్మాయి నాలుగున్నర కిలోల రైఫిలు ఎత్తటం అంటే తన బరువులో పదోవంతు ఎత్తటం. నిలబడి కాల్చేటప్పుడు ఆ బరువుని కండ మీద కాదు, ఎముక మీద మొయ్యాలి: రైఫిలుని కింద నుంచి పట్టే చేతి మోచెయ్యి నడుం ఎముకకి ఆనాలి. ఆనినప్పుడు అట్ట మధ్యకి చూపు దానంతటదే చేరుతోందా, లేదా? ఇదీ దుకాణంలో అడగాల్సిన ప్రశ్న.

చూపంటే గుర్తొచ్చింది. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చేతులూ చాచి అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది గడియారం చూడమన్నాను. చేతులు కదపకుండా ఎడమ కన్ను మూయమంటే, "గడియారం మాయమైంది మావయ్యా!" అంది. కుడికన్ను మూస్తే ఎక్కడి గడియారం అక్కడే ఉంది. పిల్ల కుడిచేతి వాటమే. ఏలే కన్ను మాత్రం ఎడమది. ఆనాడు కుడి భుజాన ఆనించి, రెండు కళ్ళూ తెరిచి, ఎడమ కంటితో చూపు కట్టింది. గుళ్ళు అట్ట తప్పాయంటే తప్పవూ మరి! వణికింది చెయ్యి కాదు.

బావ నమ్మలేదు. తనూ చేసి చూసుకున్నాడు, అక్కయ్య చేత చేయించాడు. తరవాత మెల్లిగా, "అయితే నేను చూసిపెట్టిన రైఫిలు...?" అన్నాడు. అది కుడి భుజానికి చెక్కిన కర్ర. చెంప ఆనే చెక్క ఒకవైపే ఉబ్బెత్తుగా ఉంటుంది. కొని ఉంటే చీటీ డబ్బుతో పాటు, పిల్లకి తన మీద ఉన్న నమ్మకం కూడా పోయేది. "నీ వల్ల కాదు" అన్నమాట, ఈసారి లక్షలు పోసి మనమే రుజువు చేసి ఉండేవాళ్ళం. ఇలాంటివాళ్ళు ఎడమ కంటికి అడ్డుపెట్టుకుని కుడి భుజాన కాల్చటం ఒక పద్ధతి. ఇంకా ఏమీ అలవాటు కానివాళ్ళు మొదటినుంచే ఎడమ భుజానికి మారటం మరో పద్ధతి. మా అమ్మాయి రెండోది పట్టింది.

సెకండ్‌హ్యాండు మంచిదా అని బావ అడిగాడు. మంచిదే, చూసి కొంటే. సంపీడన గాలితో పనిచేసే రైఫిలుకి సిలిండరు ఉంటుంది. దాన్ని 200 బార్ల ఒత్తిడికి నింపుతారు. దాని మీద తేదీ ముద్ర ఉంటుంది, గడువు ఉంటుంది. గడువు దాటిన సిలిండరు ఉంటే రైఫిలు ఎంత చవకైనా వద్దు. స్ప్రింగు రైఫిలు అయితే సిలిండరు బాధ లేదు, ధరా తక్కువే. కాకపోతే గుండు గొట్టం దాటేలోపే అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అందువల్ల పేలాక కూడా చూపు చెదరకుండా నిలబెట్టటం నేర్పుతుంది. గుండు లేకుండా దాన్ని పేల్చకూడదు, లోపలి పిస్టను దెబ్బతింటుంది. టెలిస్కోపు జోలికి మొదటి ఏడు పోవద్దు. ముందుచూపు, వెనకచూపు ఒక గీతలో పెట్టటం వచ్చాకే మిగతావి.

చివరికి మేం ఏ రైఫిలూ కొనలేదు. ఊళ్ళో ఒక క్లబ్బులో పాత స్ప్రింగు రైఫిలు ఉంది; కర్ర రెండు భుజాలకీ సరిపడేది. అది అద్దెకి దొరికింది. ఇంట్లో తుపాకీ లేదు కనక అక్కయ్యకి నిద్రా పడుతోంది. 10 మీటర్ల అట్ట మీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజలో సగం కూడా ఉండదు. మా అమ్మాయికి ఇంకా ఆ చుక్క దొరకలేదు. కాని రెండు నెలలకి, బల్ల ఆసరాతో కాల్చిన ఐదు గుళ్ళు రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. చుక్కకి దూరంగా పడితే పడనీ, ఐదూ ఒకచోట పడటం ముఖ్యం. చూపు మీట తిప్పితే గుంపు మధ్యకి జరుగుతుంది. చెల్లాచెదురైన గుళ్ళని ఏ మీటా కూడగట్టలేదు. చీటీ డబ్బు పోస్టాఫీసులో ఉంది. ఆ అట్టలు చూశాక, ఏడాది పోయాక, ఎడమ వాటం రైఫిలు సంగతి ఆలోచిద్దామన్నాడు బావ.

అది రేంజికి వెళ్ళినప్పుడల్లా నేను గమనించేది మరొకటి. మా రోజుల్లో "ఖాలీ కర్", "జాంచ్ శస్త్ర్" అన్న కేకలు వినగానే బోల్టు లాగి, గది ఖాళీ అని చూపించేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ కేక వెయ్యకపోయినా అమ్మాయి రైఫిలు తెరిచి, గొట్టం అట్టవైపే ఉంచి, దూరంగా జరుగుతుంది. వేలు, కాల్చే క్షణం దాకా, ట్రిగ్గరు బయటే.

యూనియన్ మిత్రులకి చిన్న మనవి. ఫైరింగు రోజున వరసలో నిలబెట్టేముందు ఒక్కొక్కరికీ ఆ కంటి పరీక్ష చెయ్యండి. ఖర్చు లేదు, అర నిమిషం పని. క్రీడల నిధిలో ఎప్పుడైనా గాలి రైఫిళ్ళు కొనే యోగం పడితే, వాటిల్లో ఒక్కటైనా ఎడమ భుజానికి సరిపడేది కొనండి. "నీ వల్ల కాదులే" అనిపించుకుని, మారు మాట్లాడకుండా హాస్టలుకి తిరిగొచ్చిన పిల్లలు మన వరండాల్లో ఇంకెందరున్నారో!