మిడ్‌ల్యాండ్స్ నిశ్శబ్దం

డర్బన్ నుంచి జోహన్నెస్‌బర్గ్ వెళ్లే ఎన్3 రహదారి మీద గంటన్నర ప్రయాణిస్తే నేటాల్ మిడ్‌ల్యాండ్స్ వస్తుంది. తీరపు చెరుకు తోటలు వెనకబడతాయి. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో కూలి ఒప్పందంపై వచ్చినవారూ, ఆ తర్వాత వచ్చిన వేలాది తెలుగువారూ చెమటోడ్చింది ఆ తోటల్లోనే. పైకి వెళ్లేకొద్దీ పొగమంచు, పాడి పశువుల పచ్చిక, దూరాన డ్రాకెన్స్‌బర్గ్ కొండలు. ఇక్కడి పాత పొలాల ఇళ్లు అనేకం ఇప్పుడు వారాంతపు విడిదులు. శుక్రవారం సాయంత్రం చేరిన అతిథి చలిమంట ముందు కాళ్లు చాపుకుంటాడు. మర్నాడు చెరువులో ట్రౌట్ చేపకు గాలం వేస్తాడు. దారిలో హోవిక్ దగ్గర, 1962 ఆగస్టు 5న మండేలాను పోలీసులు పట్టుకున్న చోట, ఒక ఫొటో. ఆ సుఖాన్ని ఆక్షేపించవలసిన పని లేదు. అలసిన మనిషికి నిశ్శబ్దం కావాలి.

అయితే అంత నేల మీద అంత తక్కువ మంది ఎందుకున్నారు? జవాబు ప్రకృతిలో లేదు, చట్టాల్లో ఉంది. 1913 భూమి చట్టం దేశంలో అత్యధిక సంఖ్యాకులైన ఆఫ్రికన్లకు సుమారు 7 శాతం నేల వదిలి, మిగతా చోట్ల భూమి కొనే హక్కును తీసివేసింది. 1936లో ఆ వాటాను 13 శాతానికి పెంచాలన్నారు. తరతరాలుగా అక్కడే బతికిన కుటుంబాలు తెల్ల యజమానికి ఏడాదిలో కొన్ని నెలలు చాకిరీ చేసి, బదులుగా గుడిసె, సాగుకు చెక్క, పశువులకు మేత పొందాయి. వెట్టినీ పాలేరుతనాన్నీ ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. 1960ల తర్వాత ప్రభుత్వం ఆ ఏర్పాటును కూడా రద్దు చేస్తూ వచ్చి, వేల కుటుంబాలను పొలాల నుంచి ఖాళీ చేయించింది. అతిథి మెచ్చుకునే ఏకాంతంలో కొంత భాగం అలా తయారైనదే.

1996 చట్టం ఆ శ్రామిక కౌలుదార్లకు తాము సాగు చేసుకున్న నేలను కోరే హక్కు ఇచ్చింది. వేల దరఖాస్తులు ప్రభుత్వ కార్యాలయాల్లో ఏళ్ల తరబడి మూలిగాయి. చివరకు 2019 ఆగస్టులో, మిడ్‌ల్యాండ్స్‌లోనే పుట్టిన ఒక వ్యాజ్యంలో, వాటి పరిష్కారాన్ని కోర్టు నియమించే ప్రత్యేకాధికారికి అప్పగించడం సబబేనని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. అంటే భూస్వామి ఒక్కడే అడ్డు కాదు. విముక్తి పోరాటం పేరుతో ఓట్లు అడిగిన పార్టీ నడిపిన శాఖ కూడా అడ్డే. ఈ సంగతిని అక్కడి పాలకులు వినడానికి ఇష్టపడరు. 2025 జనవరిలో రామఫోసా భూసేకరణ చట్టంపై సంతకం చేయగానే వాషింగ్టన్ సాయం నిలిపివేసి గగ్గోలు పెట్టింది. ఆ రభసలో ఈ కౌలుదార్ల ఊసు ఎవరికీ పట్టలేదు.

పొలాల్లో సమాధులూ ఉన్నాయి. అక్కడ తమవారి సమాధులను దర్శించుకునే హక్కును 1997 చట్టం కుటుంబాలకు కల్పించింది. పొలంలో నివసించేవారు తమవారిని అక్కడే పూడ్చుకునే హక్కు 2001 సవరణతో వచ్చింది. విడిది పరిచయపత్రాల్లో చరిత్ర మాత్రం సాధారణంగా ఇల్లు కట్టిన ఏడాదితోనే మొదలవుతుంది.