హంసపాది

గత శ్రావణమున మేము సకుటుంబముగా మారేడుమిల్లి యడవులకు బోయితిమి. అచట సెలయేటి గట్టున, చెట్ల నీడను, నిగనిగలాడు నల్లని కాడకు అర్ధచంద్రాకారపు లేతాకులు వరుసదీరిన చిన్నమొక్క యొకటి మా యమ్మాయి కంటబడినది. అది హంసపాది. రెమ్మను ద్రుంచి తెచ్చి, "అమ్మా, దీని పువ్వేది?" అని యడిగెను. ఆకు వెనుక అంచుననున్న గోధుమరంగు చారలను జూచి మా యత్తగారు, "తెగులు పట్టినదమ్మా, పారవేయి" అనిరి. కళాశాలలో వృక్షశాస్త్రము జదివిన మేము, "ఇంటికి వెళ్లిన తరువాత చెప్పెదములే" యని తప్పించుకొంటిమి.

ఇల్లు చేరి పుస్తకములు దిరుగవేయగా సిగ్గుపడవలసివచ్చినది. ఆ చారలే దాని సంతానము! హంసపాది పర్ణాంగముల కులమునకు జెందినది. ఈ కులమున పూవు లేదు, కాయ లేదు. ఆకు అంచు వెనుకకు మడతపడి, ఆ మడత లోపలివైపున సిద్ధబీజముల తిత్తులను మోయును. బీజము ధూళివలె రాలి, తడినేలపై గోటికంటె చిన్నదగు హృదయాకారపు పచ్చని పలుకగా మొలచును. అందలి పురుషకణము నీటిపొరలో నీదిపోయి స్త్రీకణమును గలసినగాని క్రొత్తమొక్క పుట్టదు. ఈ రెండు జన్మల వరుసను జర్మను పండితుడగు హోఫ్‌మైస్టరు 1851లో విశదపరచెను. ఇదంతయు విని మా యత్తగారు, "అయితే వాన లేనిదే పెండ్లి లేదన్నమాట" అనిరి. మేము చదివిన పుస్తకములకంటె నామె మాటయే చక్కగానున్నది.

హంసపాదికి దాయాదులును గలరు. ఒకదానికి ఒళ్లంతయు నూగు, ఆకుల అంచులకు చీలికలు. ఈ రెంటికిని ఒక విద్య సమానము: రెమ్మ కొన నేలను దాకినచోట వేరూని పిల్లమొక్కను బెట్టి, యిట్లు అడుగడుగున ముందునకు నడచును. పాతబావుల రాతిసందులలో వ్రేలాడు మరియొక దాయాదికి ఈ నడక రాదు. ఈ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన అడియాంటమను పేరునకు గ్రీకుభాషలో తడియనిదని యర్థము; నీటిబొట్టు ఆకుపై నిలువక జారిపోవును.

ఆనాడు ఒక మొక్కను వేరుతో బెకలించి తెచ్చి తొట్టిలో నాటితిమి. అట్లు తెచ్చుటయే తప్పని యిప్పుడు తోచుచున్నది. మాఘమునకు ఆకులన్నియు నెండిపోయినవి. అమ్మాయి మాత్రము నీరు పోయుచునేయుండెను. ఆమె బడికి బోయిన వేళ మేము తొట్టిలోని మన్నును పెరటిలో గుమ్మరించి, అందు తులసి నాటితిమి. ఎండలకాలమున హంసపాది పైకి చచ్చినట్లుండి, నేలలోని దుంప బ్రదికియుండి, తొలకరికి మరల చిగిర్చునని ఆ తరువాత జదివితిమి. ఆ మాట అమ్మాయితో జెప్పుటకు మాకు రెండు దినములు పట్టినది.

ఈ యేడు జల్లులు పడినది మొదలు ఆ పిల్ల పెరటిగోడ ప్రక్కను, ఆ మన్ను పోసినచోట, ఉదయముననే వంగి చూచుచున్నది. ఇంతవరకు నేమియు మొలవలేదు.